నిర్మాల్యం తొట్టి

నరహరి దాసుగారిని ప్రశ్న అడగాలంటే శిష్యులు జంకేవారు. జవాబు రాదని కాదు, పని తగులుతుందని. భక్తి అంటే ఏమిటని అడిగినవాడు రెండు పూటలు కూర్చుని చింతపండులో గింజలు తీశాడు. వైరాగ్యం ఎలా అలవడుతుందని అడిగిన ఒక రిటైర్డు తాసీల్దారుగారిని దాసుగారు తన పాత గొడుగు ఇచ్చి, బాగు చేయించుకు రమ్మని బజారుకు పంపారు. గొడుగులు బాగు చేసేవాళ్లు ఊళ్లో ఒక్కరూ మిగల్లేదని తెలుసుకుని ఆయన తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది, ఆయన అడగదలచుకున్నది కాస్తా మరుపున పడింది. "గొడుగు పోతే పోయింది, మీ ప్రశ్న బాగుపడింది" అన్నారట దాసుగారు.

బొబ్బిలిలో ఆయన ఇల్లే హరికథ పాఠశాల. వసారాలో చాపలు, హాల్లో గోడకు నరసింహస్వామి పటం, పటం కింద పీట మీద చిరతలు, గజ్జెలు. ఆ ఇంటికి తొమ్మిదో ఏట వచ్చిన అలివేణి ఇప్పుడు నలభై దాటిన పెద్ద శిష్యురాలు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం ఆవిడే చెబుతుంది. విద్యలో వంక పెట్టడానికి లేదు. కోపం మాత్రం ఆవ పెట్టిన కూర, ముద్ద లోపలికి పోకముందే ముక్కుకెక్కుతుంది. గురువుగారి పద్ధతి ఇన్నేళ్లుగా చూస్తున్న మనిషి కనుక ఆవిడ ఆయన్ని ప్రశ్నలు అడగడం ఎప్పుడో మానేసింది. ఇంట్లో పని ఎలాగూ చాలినంత ఉంది, అడిగి మరీ తెచ్చుకోవడం దేనికి?

అలాంటిది, వైశాఖంలో ఒక పొద్దున పాఠం మధ్యలో లేచి, చేతిలోని చిరతలు పీట మీద ఠప్పున పడేసి, వాలుకుర్చీలో కూర్చున్న దాసుగారి ఎదుటికి వచ్చి నిలబడింది. "గురువుగారూ, శిష్యుడు పనికిరాడని గురువు ఎప్పుడు తేల్చుకోవాలి? ఈసారి పని చెప్పకండి, జవాబు చెప్పండి" అంది.

ఆ కోపానికి కారణం వసారా చివర తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అతని పేరు గవరయ్య. సాలూరు అవతల కొండ కింద పల్లె, తాతల నాటి నుంచీ జముకుల కథ చెప్పే ఇల్లు. జముకు అంటే చంకలో పట్టే చిన్న తోలు వాయిద్యం, మధ్యలో ఒక తీగ ఉంటుంది. ఆ తీగ మీటుకుంటూ ఎల్లమ్మ కథ ఎత్తుకున్నారంటే ఊరంతా చలిలో దుప్పట్లు కప్పుకుని కూర్చోవలసిందే. ఒక జాతరలో గవరయ్య గొంతు విని దాసుగారు "మా ఇంటికొస్తావా, హరికథ నేర్పుతాను" అన్నారు. కొడుకు ఆ మాటకు సరేననగానే తండ్రికి ఒళ్లు మండింది. మన కథ నీకు చిన్నదైపోయిందా అని, మేళంలో అతని స్థానాన్ని తన తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాడు. ఉగాది వెళ్లాక గవరయ్య ఒక సంచీతో బొబ్బిలి వచ్చాడు. వచ్చిన రోజున దాసుగారు అడిగితే ఎల్లమ్మ కథలో ఒక ముక్క పాడాడు. చూరు కింద పావురాలు లేచిపోయాయి. అలివేణి పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ తర్వాత ఆ గొంతు ఏమైందో ఎవరికీ తెలియదు. మొదటి వారం శ్రుతి జారింది. రెండో వారం మాటలు మరిచిపోయాడు. నెల తిరిగేసరికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. అలివేణి మాత్రం తక్కువ తిప్పలు పడిందా? గజేంద్రమోక్షంలో ఘట్టం మొదలుపెట్టించింది. అది రాకపోతే ప్రహ్లాదుడు, ప్రహ్లాదుడు రాకపోతే ధ్రువుడు. శ్రుతి తగ్గించి చూసింది, పెంచి చూసింది. పాడేటప్పుడు ఒళ్లు ఊగుతుంటే అది జముకుల కథ ఊపని ఆపించింది. మాటలో యాస తీసేయించింది. నిలబడి చెప్పమంది, కూర్చుని చెప్పమంది. పూటకో పద్ధతి మార్చింది. ఇంత చేసినా కుండలో గింజ ఉడకలేదు. తొలి ఏకాదశి చూస్తే ముంచుకొస్తోంది. ఆ రోజున కొత్తవాళ్లు స్వామి ఎదుట ఏదో ఒక ఘట్టం చెప్పాలి. చెప్పినవాళ్ల కాళ్లకు దాసుగారు తన చేతులతో గజ్జె కడతారు. చెప్పలేనివాళ్లు మర్నాడు మూట సర్దుకోవాలి. దాసుగారి గురువుగారి నాటి నుంచీ ఉన్న ఏర్పాటు అది.

కనుక అలివేణి కోపం న్యాయమైనదేనని నేను ఇక్కడే చెప్పేస్తాను. పాఠం చెప్పడం అంటే ఊరికే గొంతు చించుకోవడం కాదు, రోజూ తన ఒంట్లోంచి కాస్త తీసి ఎదుటివాడికి పెట్టడం. పెట్టిందంతా నేలపాలవుతుంటే ఏ మనిషికి మండదు? ఇతరుల బిడ్డలు నలుగురు చాప మీద కూర్చుని ఎదురు చూస్తుంటే, ఒక్కడి కోసం పొద్దంతా పోతుంటే, ఎవరికి మండదు? పైగా ఇతన్ని ఏరి తెచ్చింది గురువుగారు, మొయ్యవలసింది తను.

దాసుగారు వీధిలో ఆటో ఆగిన చప్పుడైతే అటు చూశారు. విజయనగరంలో రంగుచేపల కొట్టు ఉన్న ముకుందరావు, ఆటోలోంచి పెద్ద గాజుతొట్టి జాగ్రత్తగా దింపించుకుని లోపలికి వచ్చాడు. పోయిన నెల అతని గృహప్రవేశానికి దాసుగారు మత్స్యావతారం చెప్పారు. "మీరు మత్స్యం కథ చెప్పారు గురువుగారండీ, నేను మత్స్యాలే పట్టుకొచ్చాను, కాదనకండి" అంటూ స్వామి పటం పక్కన బల్ల మీద తొట్టి పెట్టించాడు. రెండు చిన్న నారింజరంగు చేపలు. దాసుగారు వాటికి అక్కడికక్కడే జయుడు, విజయుడు అని పేర్లు పెట్టారు. ముకుందరావు సంచీలోంచి తడిబట్టలో చుట్టిన ఒక మొక్క తీశాడు. జానెడు కూడా లేదు. అంచులు మడతలు పడిన గోధుమ, ఆకుపచ్చ కలిసిన ఆకులు, కింద కుచ్చులా తెల్లటి వేళ్లు. కొట్టులో దాన్ని క్రిప్ట్ అంటారట.

"పెంచడానికి దీనంత తేలిక మొక్క లేదండీ" అన్నాడతను. "అడుగున కాస్త జల్లించిన ఒండ్రుమట్టి పొయ్యాలి, దాని మీద ఇసక. వేరు ఇసకలోకి వెళ్లాలి, ఆకులు పుట్టే మొదలు మాత్రం పైకుండాలి, కప్పెట్టెయ్యకూడదు. ఎండ తగలక్కర్లేదు, హాల్లో వెలుతురు చాలు. ఎరువులూ మందులూ వద్దు, చేపలు వేసిందే దానికి తిండి. నీళ్లు ఒకేసారి అన్నీ మార్చకండి. మొండిదండీ, చంపుదామన్నా చావదు. ఒకసారి నాటాక కదపకూడదు, అదే ముఖ్యం. ఇంకోటండీ, కొత్తలో ఇది కాస్త..."

"తెలుసులెండి" అంది అలివేణి. ఆవిడ కోపం ఇంకా దిగలేదు. "పెరట్లో మల్లెపాదులు నేను పెంచినవే. మొక్కంటే ఏమిటో తెలియని ఇల్లు కాదు."

ముకుందరావు కాఫీ తాగి, దాసుగారికి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. అతను గుమ్మం దాటగానే దాసుగారు గాజుతొట్టి వైపు చెయ్యి చూపించారు. "అమ్మాయీ, ఏకాదశి దాకా ఈ మొక్క నువ్వు చూసుకో" అన్నారు.

అదీ జవాబు! అలివేణికి అరికాలి మంట నెత్తికెక్కింది. పని చెప్పకండని నోరారా మొత్తుకుంటే, పనే చెప్పారు. అయినా గురువుగారి మాట. ఒండ్రుమట్టి జల్లించి పోసింది, ఇసక కడిగి పరిచింది, మొక్క నాటింది. మొదలు పైకే ఉంచింది. అంతవరకూ ఎక్కడా పొరపాటు లేదు. పొరపాటు ఆ తర్వాత మొదలైంది. మూలన పెట్టిన మొక్క వచ్చేవాళ్లకు కనబడటం లేదని మర్నాడు పీకి మధ్యలో పెట్టింది. మధ్యలో పెడితే జయవిజయులు దాన్ని రాసుకుంటూ తిరుగుతున్నారని పక్కకు మార్చింది. వేరు పట్టిందో లేదోనని ఒకసారి ఎత్తి చూసింది. వెలుతురు చాలదేమోనని తొట్టినే కిటికీ వైపు జరిపించి, ఎండ పడుతోందని మళ్లీ వెనక్కి జరిపించింది. వీటిలో ఏదీ నిర్లక్ష్యంతో చేసినది కాదు. అలివేణికి నిర్లక్ష్యం చేతకాదు, అదే ఆ మొక్క ప్రాణం మీదికి తెచ్చింది.

వారం గడిచేసరికి ఆకుల మీద పారదర్శకంగా మచ్చలు పడ్డాయి. ఒకటి రెండు రోజుల్లో కాడలు మెత్తబడ్డాయి. ఇంకో పొద్దున చూస్తే మొక్క ఉన్న చోట చీకిపోయిన బచ్చలికూరలాంటి ముద్ద తేలుతోంది. చేపలు దూరంగా జరిగి అటే చూస్తున్నాయి.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. తెల్లవారగానే స్వామి పటం మీది నిన్నటి పువ్వులు తీసెయ్యాలి. వాడినది, కుళ్లినది దేవుడి ఎదుట ఒక్క క్షణం ఉండకూడదు. అలాగని చెత్తలో పారెయ్యకూడదు, కాలికింద పడకూడదు. అందుకని పెరట్లో బావి పక్కన, జామచెట్టు నీడలో ఒక పాత రాతితొట్టి ఉంది. నిర్మాల్యం అందులో వేస్తారు. పైనీళ్లు చెంబుతో ముంచి మల్లెపాదులకు పోస్తారు, మళ్లీ బావినీళ్లతో నింపుతారు. ఏళ్ల నాటి పువ్వులన్నీ కుళ్లి అడుగున బురదై పేరుకున్నాయి. ఆ అడుగును ఎవరూ కదల్చరు. తొమ్మిదో ఏట నుంచీ ఈ పని చేస్తున్న అలివేణి చెయ్యి, ఆ పొద్దున పటం మీది చామంతులు తీసింది, అదే ఊపులో పక్కనున్న గాజుతొట్టిలోకి వెళ్లింది. ఆకుల ముద్దనీ, దానితోపాటు ఇసకలోని మొదలునీ పట్టి లాగింది. పువ్వులతో కలిపి పళ్లెంలో వేసింది. పెరట్లోకి వెళ్లి రాతితొట్టిలో గుమ్మరించింది. ఇంతా అయ్యాక గాని తనేం చేసిందో ఆవిడకే తట్టలేదు. తట్టాక కూడా బాధ కలగలేదు. మళ్లీ కోపమే వచ్చింది.

ఆ కోపంతోనే చేతులు తుడుచుకుంటూ వాలుకుర్చీ దగ్గరికి వచ్చింది. దాసుగారు అక్కడే కూర్చుని ఉన్నారు, అంతా చూశారు. "మీ జవాబు చచ్చిపోయింది గురువుగారూ. నాకు ఓర్పు నేర్పాలని దాన్ని నా చేతిలో పెట్టారు, తెలియకపోవడానికి నేనేం పసిపిల్లనా? చంపుదామన్నా చావదట! ఆ ముకుందరావు నోరు పడ, కుళ్లిన మొక్క అంటగట్టి పోయాడు. మనిషైనా మొక్కైనా సరుకు మంచిదై ఉండాలి. ఇప్పుడు గవరయ్యని పంపించెయ్యమంటారా?"

"ఏకాదశి దాటనీ" అన్నారు దాసుగారు.

అలివేణికి ఆ మాట చాలు. తిన్నగా పెరట్లోకి వెళ్లింది. గవరయ్య బావి దగ్గర నీళ్లు తోడుతున్నాడు. "గవరయ్యా, ఏకాదశి నాడు నువ్వు నిలబడి చెప్పలేవు. ఆ సంగతి నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఇక నుంచి పాఠానికి రావద్దు. పండగ వెళ్లిన మర్నాడు బస్సెక్కు" అంది.

అతను చేంతాడు వదల్లేదు. బొక్కెన పైకి లాగి, గట్టు మీద పెట్టి, అప్పుడు తలెత్తాడు. వచ్చిన నాటి నుంచీ అలివేణి ఎదుట గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజున కళ్లలోకి చూసి మాట్లాడాడు.

"ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతానమ్మా. ఎటెల్లాలో అది కూడా మీరే సెప్పీండి. మా అయ్య మేళంలో నా జాగా మా సిన్నాన్న కొడుక్కిచ్చీసినాడు. ఆడకెల్తే జముకు ముట్టనివ్వడు. ఈడ సిరతలు పలకవు. నాను అడిగి రాలేదమ్మా, రమ్మంటే వచ్చినాను. వచ్చిన కాణ్ణుంచి ఇలాగ నిలబడకు, అలాగ అనకు, ఇది కాదు, అది అను అంటారు. ఏదీ ఒక్క వారం ఉంచరు. నా గొంతు ఎటెల్లిపోనాదని నన్నడిగితే నానేటి సెప్పేది?"

ఎదుటివాడిది తప్పైతే వచ్చే కోపం కాసేపటికి దిగిపోతుంది. ఎదుటివాడి మాటలో న్యాయం ఉందని లోపలెక్కడో తెలిసి వచ్చే కోపం ఉందే, అది మహా చెడ్డది, నిద్ర పోనివ్వదు. "నోరు బాగానే లేస్తోందే, పాటకే లేవదు గాని" అని అలివేణి విసురుగా లోపలికి వచ్చేసింది. ఆ రోజు నుంచి గవరయ్యకు పాఠం లేదు, మందలింపూ లేదు. చాప మీద కూర్చోవడం మాని, నీళ్లు తోడటం, పెరడు ఊడవడం, రాతితొట్టి నింపడం, మల్లెలు కొయ్యడం, ఇదీ అతని దినచర్య. అలివేణి అటు పక్క చూడటమే మానేసింది. చూస్తే మళ్లీ ఏదో అనాలనిపిస్తుంది, అంటే అతనూ మళ్లీ ఏదో అంటాడు. జ్యేష్ఠం గడిచింది. వాన చినుకులు పడ్డాయి. గాజుతొట్టిలో జయవిజయులు ఖాళీ ఇసక మీద కాపలా తిరుగుతూ ఉండేవారు.

ఏకాదశికి ముందురోజు మధ్యాహ్నం ముకుందరావు వచ్చాడు, పండక్కి మామిడిపళ్లు, చేపలకు తిండి పట్టుకుని. వచ్చినవాడు వచ్చినట్టే తొట్టి ముందు వంగి చూశాడు. "మొక్కేదండీ?" అన్నాడు.

"చచ్చిపోతే తీసేశాను" అంది అలివేణి. ఈ మనిషి కోసమే ఇన్నాళ్లు మాటలు దాచిపెట్టుకుని ఉంది. "మంచి మొక్కే ఇచ్చారు. పది రోజులు తిరక్కుండా ఆకులన్నీ కుళ్లి నీళ్లలో కలిసిపోయాయి. గురువుగారి ఇంటికి ఇచ్చే వస్తువేనా అది? సగం చచ్చినదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి, చంపుదామన్నా చావదని కబుర్లొకటి!"

ముకుందరావు నెమ్మదైన మనిషే, కాని మొక్కల దగ్గర కాదు. మామిడిపళ్ల బుట్ట నేల మీద దబ్బున పెట్టాడు. "ఆకులు కరిగితే చచ్చిపోయినట్టేటండీ! నీళ్లు మారితే ఆ జాతి మొదట చేసే పని అదే. పాత నీళ్లకు అలవాటైన ఆకులు కొత్త నీళ్లకు పనికిరావు, విడిచేస్తుంది. కొన్నాళ్లు మోడులా ఉంటుంది. వేరు కుదురుకున్నాక ఈ నీళ్లకు తగ్గ ఆకులు వేస్తుంది. ఆ రోజు అదే చెప్పబోతే, మాకు మల్లెపాదులున్నాయి, తెలుసు అన్నారు. పోనీ, తీసినప్పుడు వేరు ఎలా ఉందండీ? తెల్లగా గట్టిగా ఉందా, నల్లబడి మెత్తగా ఉందా?"

అలివేణి వేరు చూడలేదు. ఆకులు చూసింది, చాలనుకుంది.

"నాటిన చోటే ఉంచారా, ఎక్కడికైనా మార్చారా?"

అలివేణి గాజుతొట్టిలోని ఖాళీ ఇసక వైపు చూసింది. ముకుందరావు ఆవిడ ముఖం చూసి ఇంకేం అనలేదు. అన్నా బాగుండేది. తల అడ్డంగా ఊపి, చేపలకు తిండి జల్లి, మామిడిపళ్లు స్వామి ముందు పెట్టి, మజ్జిగ కూడా పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు.

అలివేణి హాలు మధ్యలో నిలబడిపోయింది. నెలల తరబడి ఊరందరి మీదా చల్లిన కోపం ఒక్కసారిగా తిరిగి ఇంటికి వచ్చింది, కాని దాన్ని లోపలికి రానివ్వడానికి ఆవిడ ఇంకా సిద్ధంగా లేదు. దారిలో వాలుకుర్చీ ఉంది. కోపం అక్కడ ఆగింది.

"మీరు చూస్తూనే ఉన్నారు" అంది దాసుగారితో. "నేను దాన్ని అక్కడ్నుంచి ఇక్కడికి, ఇక్కడ్నుంచి అక్కడికి పీకి పెడుతుంటే చూశారు. నిర్మాల్యంలో వేస్తుంటే చూశారు. ఆ పిల్లాణ్ణి పాఠానికి రావద్దన్నప్పుడూ విన్నారు. ఒక్క మాట, అమ్మాయీ ఆగు అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది? ముప్ఫై ఏళ్లు మీ ఇంట్లో పెరిగాను, నాకు ఆ మాత్రం చెప్పకూడదా? ప్రశ్న అడిగితే పని చెప్పి ఊరుకుంటారా? ఒక ప్రాణం పోయాక నాకెందుకండీ ఈ పాఠం?"

ఇంత మాట ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ అనలేదు. వసారాలో పిల్లలు ఊపిరి బిగబట్టారు. దాసుగారు మాత్రం నొచ్చుకోలేదు. కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు.

"దాన్ని ఎక్కడ వేశావు?"

"ఎక్కడ వేస్తాను? మనం నిర్మాల్యం ఎక్కడ వేస్తామో అక్కడే వేశాను."

"అది చెత్తకుప్ప కాదుగా. వెళ్లి చూడు."

అలివేణి పెరటి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. బావి గట్టు దగ్గర నుంచి ఏదో వినిపిస్తోంది. గవరయ్య వీపు ఇటు పెట్టి నీళ్లు తోడుతున్నాడు. చేంతాడు లాగే లయలో, తనలో తాను, ఎవరికీ వినిపించాలని కాకుండా, మొసలి నోట కాలు చిక్కిన గజేంద్రుడి మొర అంటున్నాడు. మొట్టమొదట నేర్పబోయి, రాలేదని తను మూడో రోజునే మాన్పించిన ఘట్టం. వచ్చిన రోజున పావురాల్ని లేపిన గొంతు కాదది. తను నేర్పిన పలుకూ కాదు. సన్నగా, చిన్నగా ఉంది. మధ్యలో ఒక చోట జముకు తీగ మీటినట్టు మాట సాగి, మళ్లీ పద్యంలోకి వచ్చి సరిగ్గా కూర్చుంది. అలివేణికి ఒళ్లు జలదరించింది. ఒక చోట మాట తప్పాడు. దిద్దాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా అతనే ఆగి, మళ్లీ అనుకుని, సరిచేసుకున్నాడు.

ఆవిడ అడుగుల చప్పుడుకి గవరయ్య పాట ఆపేశాడు. బొక్కెన కింద పెట్టి, మళ్లీ ఏం తిట్లు పడాలోనని నిలబడ్డాడు. అలివేణి అతని పక్క నుంచి వెళ్లి రాతితొట్టి మీదికి వంగింది. పైన నిన్నటి గన్నేరుపువ్వులు తేలుతున్నాయి. వాటిని పక్కకు తోసింది. అడుగున, ఏళ్ల నాటి బురదలో ఒక వైపుకి ఒరిగి, వేలెడంత మొక్క. పాత ఆకుల పోలిక ఒక్కటీ లేదు. ఇవి ఇంకా సన్నవి, ముదురువి, అంచుల్లో మడతలు అప్పుడే దిద్దుకుంటున్నాయి. నాలుగో అయిదో ఉన్నాయి. మధ్యలోంచి ఇంకొకటి చుట్ట విప్పుతోంది. ఎవరూ నాటలేదు. ఎవరూ దాని వంక చూడలేదు. దానికి కావలసింది అదే కాబోలు.

అలివేణి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సంతోషమో, సిగ్గో, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియని కోపమో ఆవిడే చెప్పాలి. కాని ఆవిడ నిలబడి ఆలోచించే మనిషా? చీర చెరుగు నడుముకు దోపి, కుడిచెయ్యి మోచేతి దాకా తొట్టిలో పెట్టి, మొక్క మొదలు పట్టుకుంది. దాన్ని ఈ క్షణమే లోపలికి తీసుకెళ్లి గాజుతొట్టిలో, స్వామి ఎదుట, నట్టనడుమ నాటాలి. ఎడమచేత్తో గవరయ్య భుజం పట్టుకుంది. "పద లోపలికి! చిరతలు తియ్యి. ఇదే ఘట్టం రేపు స్వామి ఎదుట చెబుతున్నావు. ఇంకా సాయంత్రం ఉంది, రాత్రి ఉంది. ఆ రెండో పాదం దగ్గర మాట సాగదీస్తున్నావు చూడు, అది మార్చేసి, శ్రుతి కాస్త పెంచితే..."

"రెండు చేతులా పీకుతున్నావేమిటమ్మాయీ?"

దాసుగారు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాలుకుర్చీ దిగి ఎప్పుడొచ్చారో తెలియదు.

అలివేణి కుడిచెయ్యి నీళ్లలో ఉంది, ఎడమచెయ్యి గవరయ్య భుజం మీద ఉంది. రెంటి వంకా మార్చి మార్చి చూసుకుంది. ముందు భుజం వదిలింది. తర్వాత, బురద కదలకుండా, చేతివేళ్లు ఒక్కొక్కటే విప్పి, మొక్కను ఎలా ఒరిగి ఉందో అలాగే వదిలి, చెయ్యి పైకి తీసింది. మోచేతి నుంచి నీళ్లు కారి రాతి మీద పడ్డాయి. గవరయ్యకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఒకసారి ఆవిడ వంకా, ఒకసారి దాసుగారి వంకా చూశాడు.

"రేపే కదండీ ఏకాదశి" అంది అలివేణి. చిన్నప్పుడు తప్ప ఎన్నడూ ఆ గొంతుతో ఆయనతో మాట్లాడలేదు. "ఇతను నిలబడకపోతే వెళ్లిపోవాలి కదా. మీ గురువుగారు పెట్టిన ఏర్పాటు."

దాసుగారు తొట్టిలోకి తొంగి చూడను కూడా లేదు. గవరయ్య కింద పెట్టిన బొక్కెన చూసి, "అది నింపి తొట్టిలో పొయ్యవయ్యా, పైనుంచి మెల్లగా" అన్నారు. లోపలికి వెళ్లబోతూ గుమ్మంలో ఆగారు.

"ఏకాదశులు ఏడాదికి ఇరవై నాలుగు వస్తాయమ్మాయీ. వేరు ఒక్కటే ఉంటుంది."